సొంత ఆల్బమ్‌లోనే గెస్టులైపోయిన బ్యాండ్: ఒక కేస్ స్టడీ

నేను కాలిఫోర్నియాలో రికార్డింగ్, మిక్సింగ్ పని చేస్తాను. పాత బ్యాండ్లు మళ్లీ స్టూడియోకి రావాలనుకున్నప్పుడు ఏం రికార్డ్ చేయాలి, ఎలా చేయాలి అన్నది వాళ్లతో కూర్చుని తేల్చడం కూడా నా పనే. ఇక్కడ రాస్తున్నది ఒక లాటిన్ రాక్ బ్యాండ్ సంగతి. వాళ్ల అనుమతి తీసుకున్నాను. బ్యాండ్ పేరు, ఊరు, పాటల పేర్లు వదిలేశాను. ఎవరు ఏం వాయిస్తారన్న వివరాల్లోనూ కొన్ని మార్చాను.

ఇలాంటి బ్యాండ్ ఆల్బమ్ దెబ్బతిన్నప్పుడు చాలామంది "డబ్బు కోసం కమర్షియల్ అయ్యారు, అందుకే పోయింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. అరవై దాటినవాళ్లు తమ పాట ఇంకో తరం చెవిన పడాలని కోరుకోవడంలో తప్పేముంది? ఈ బ్యాండ్ విషయంలో కోరిక సరైనదే. దెబ్బ ఎక్కడ తగిలిందో వెతకడానికి నాకు చాలాకాలం పట్టింది. ఆ వెతుకులాటే ఈ కేసులో ఇతరులకు పనికొస్తుందని రాస్తున్నాను.

నేపథ్యం

లాటిన్ రాక్ అనగానే రెండు చోట్లు గుర్తొస్తాయి. ఒకటి శాన్‌ఫ్రాన్సిస్కోలోని మిషన్ డిస్ట్రిక్ట్, రెండోది ఈస్ట్ లాస్ ఏంజెలిస్. 1960ల చివర అక్కడి కుర్రాళ్లు ఇంట్లో బొలెరోలనే లాటిన్ ప్రేమపాటలు వింటూ, బయట బ్లూస్, సోల్ వింటూ పెరిగారు. ఎలక్ట్రిక్ గిటార్, హామండ్ ఆర్గాన్ పక్కన చేత్తో వాయించే కాంగాలు, పుల్లలతో వాయించే టింబాలేలు పెట్టుకుని వాయించారు. 1969 ఆగస్టులో గిటారిస్ట్ కార్లోస్ సాంటానా నడిపిన సాంటానా బ్యాండ్ వుడ్‌స్టాక్ సంగీతోత్సవం వేదిక ఎక్కేనాటికి వాళ్ల మొదటి ఆల్బమ్ ఇంకా బయటికి రాలేదు. ఏడాది తిరిగేసరికి రెండో ఆల్బమ్ 'అబ్రాక్సస్' వచ్చి అమెరికాలో నంబర్ 1 అయింది. ఆ రోజుల్లోనే ఎల్ చికానో, మాలో లాంటి బ్యాండ్లు రేడియోలోకి వచ్చాయి. మన పాత తెలుగు సినిమాల క్లబ్ పాటల్లో బాంగోలు, కాంగాలు విన్నవాళ్లకు ఆ శబ్దం కొత్తగా అనిపించదు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. సాంటానా బ్యాండ్‌కి పేరు తెచ్చిన తొలి మూడు హిట్లూ వేరేవాళ్ల పాటలే. 'ఈవిల్ వేస్' అంతకుముందే విల్లీ బోబో రికార్డ్ చేసినది. 'బ్లాక్ మ్యాజిక్ ఉమన్' ఫ్లీట్‌వుడ్ మ్యాక్‌లో ఉన్నప్పుడు పీటర్ గ్రీన్ రాసుకున్నది. 'ఓయే కోమో వా' టీటో పుయెంటేది. బయటివాళ్ల పాట తీసుకోవడం ఈ సంగీతంలో మొదటినుంచీ ఉంది. ఆ పాట తమ గదిలోకి వచ్చాక బ్యాండ్ దాన్ని ఏం చేసిందన్నదే అసలు లెక్క.

నా దగ్గరికి వచ్చిన బ్యాండ్ కూడా ఆ అలలో పుట్టినదే. డెబ్బైల్లో కొన్ని పాటలు రేడియోలో బాగా తిరిగాయి. ఆ తర్వాత పెద్ద హిట్ లేకపోయినా పని ఆగలేదు. వేసవి ఫెస్టివల్స్, కౌంటీ ఫెయిర్లు, కసీనో హాళ్లు, పాత కార్ల ప్రదర్శనలు. తాతలు, తండ్రులు, మనవలు కలిసి వచ్చి డాన్స్ చేసే ప్రేక్షకులు వాళ్లకున్నారు. అది చిన్న ఆస్తి కాదు.

1999 జూన్‌లో సాంటానా 'సూపర్‌నాచురల్' వచ్చింది. కార్లోస్ సాంటానాకి అప్పటికి యాభై దాటాయి, పెద్ద హిట్ లేక చాలా ఏళ్లయింది. మొదట్లో కొలంబియా అనే రికార్డ్ కంపెనీలో ఆయనతో ఒప్పందం కుదుర్చుకున్న క్లైవ్ డేవిస్ ఈసారి అరిస్టా కంపెనీ నుంచి మళ్లీ తీసుకుని, సగం పాటల్లో యువ గాయకులను పెట్టించారు. రాబ్ థామస్ పాడిన 'స్మూత్' అమెరికా పాటల చార్ట్ బిల్‌బోర్డ్ హాట్ 100లో 12 వారాలు, 'మరియా మరియా' 10 వారాలు నంబర్ 1గా నిలిచాయి. 2000 గ్రామీల్లో కార్లోస్‌కి 8 అవార్డులు వచ్చాయి. ప్రపంచమంతా కలిపి సుమారు 3 కోట్ల కాపీలు అమ్ముడుపోయాయని చెబుతారు. ఆ తర్వాత కొన్నేళ్లు పాత బ్యాండ్ ఉన్న ప్రతి మేనేజరూ ఈ లెక్కే వేశాడు. మన బ్యాండ్ మేనేజరూ వేశాడు. లేబుల్ దొరికింది, అడ్వాన్స్ వచ్చింది, గెస్టుల జాబితా తయారైంది.

వాళ్లు చెప్పిన సమస్య, నాకు కనబడిన సమస్య

నన్ను పిలిచేనాటికి ఆ ఆల్బమ్ వచ్చి కొన్నేళ్లయింది. మొదటి వారం పర్వాలేదనిపించి వెంటనే జారిపోయింది. సింగిల్‌ని రేడియో స్టేషన్లు పెద్దగా తిప్పలేదు. తర్వాతి ఆల్బమ్ తీసుకునే హక్కు లేబుల్‌కి ఉన్నా వాడుకోలేదు. మేనేజర్ అడిగింది సూటిగా ఉంది: "పాటలు మంచివే. సౌండ్ పాతబడింది. రీమిక్స్ చేసి స్ట్రీమింగ్‌లో మళ్లీ వదులుదాం."

ఒప్పుకునే ముందు వాళ్ల షో ఒకటి చూస్తానన్నాను. రికార్డింగ్ గురించి అడిగినా నేను ముందు స్టేజీనే చూస్తాను. ఆల్బమ్ బ్యాండ్‌కి ఏం చేసిందో ఫైళ్లలో కన్నా అక్కడ త్వరగా తెలుస్తుంది.

కసీనో హాలు నిండుగా ఉంది. పాత పాటతో మొదలుపెట్టగానే జనం లేచారు. గెస్ట్ పాట వచ్చేసరికి సగంమంది డ్రింక్స్ కౌంటర్ వైపు నడిచారు. గెస్ట్ అక్కడ లేరు కాబట్టి ఆ గొంతు ప్లేబ్యాక్‌లో వస్తోంది, దానికోసం డ్రమ్మర్ చెవిలో క్లిక్ ట్రాక్, అంటే వేగం తప్పకుండా చూసే టిక్ టిక్ శబ్దం, మోగుతోంది. ఇంతవరకు ఊహించిందే. నన్ను కలవరపెట్టింది ఆ తర్వాతి సంగతి. మళ్లీ పాత పాట ఎత్తుకున్నారు, కానీ డ్రమ్మర్ చెవిలోంచి ఇయర్‌పీస్ తీయలేదు. డెబ్బైల్లో రికార్డయిన ఆ పాటలో మధ్యలో కాంగాలు, టింబాలేలు పోటాపోటీగా వాయిస్తూ వేగం పెంచుకుంటూ పోయే ఘట్టం ఉంది. ఆ పాటకి ప్రాణం అదే. ఆ రాత్రి అక్కడ వేగం కదల్లేదు. కాంగాలు వాయించే పెద్దాయన డ్రమ్మర్ చేతినే చూస్తూ, తనని తాను వెనక్కి పట్టుకుని వాయిస్తున్నారు.

షో అయ్యాక అడిగితే, ఆల్బమ్ టూర్‌లో లైట్లు, వెనక స్క్రీన్ మీద వీడియో అన్నీ క్లిక్‌తో కట్టారని, తర్వాత అది అలాగే ఉండిపోయిందని చెప్పారు. ఎవరూ కూర్చుని తీసుకున్న నిర్ణయం కాదు. కొత్త పాటల కోసం వచ్చిన ఏర్పాటు పాత పాటలను కూడా కట్టిపడేసింది. ఆల్బమ్ అమ్ముడుపోకపోవడం ఒక నష్టం. ఉన్న ఆస్తి కూడా రోజురోజుకీ తరిగిపోవడం ఇంకో నష్టం. రెండోది నాకు పెద్దదిగా కనబడింది.

పెద్దాయనతో మాట్లాడాను. ఆయన కోపంగా లేరు, అలిసిపోయినట్టున్నారు. "కవర్ మీద నా ఫొటో ఉంది. లోపల నా చేతులు లేవు" అన్నారు. ఆర్గాన్ వాయించే ఆయన అప్పటికే మానేసే ఆలోచనలో ఉన్నారు. ప్రమోటర్లు షో రేటు తగ్గించి అడుగుతున్నారు. డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. లేబుల్ ఇచ్చే అడ్వాన్స్ బహుమతి కాదు, అది బ్యాండ్ రాయల్టీల్లోంచి తిరిగి రాబట్టుకునేది. గెస్టుల ఫీజులు, ఒక్కో పాటకి ఒక్కో ప్రొడ్యూసర్, వాళ్ల స్టూడియోలు, వాళ్ల శాతాలు అన్నీ ఆ ఖాతాలోనే పడ్డాయి. ఆల్బమ్‌లో తమ వాయిద్యమే లేనివాళ్ల వాటా కూడా ఆ అప్పులోనే ఉంది.

ఫైళ్లు తెరిచి చూస్తే

వెంటనే రీమిక్స్ మొదలుపెట్టకుండా సెషన్ ఫైళ్లు తెప్పించుకున్నాను. దొరికినవాటిలో ఎక్కువ పాటలు ఒకే తీరులో తయారయ్యాయి. ముందు ప్రొడ్యూసర్ ఊళ్లో కంప్యూటర్ మీద డ్రమ్స్, బేస్, మళ్లీ మళ్లీ తిరిగే నాలుగు కార్డ్‌ల (స్వరాల గుత్తుల) చక్రం. దాని మీద గెస్ట్ గొంతు. చివరికి ఫైలు బ్యాండ్ దగ్గరికి వస్తే గిటారిస్ట్ ఒక్కడే స్టూడియోకి వెళ్లి గొంతు వదిలిన ఖాళీల్లో నింపాడు. కాంగాలు చాలాచోట్ల లూప్‌లే, అంటే ఒకే ముక్క తిరిగి తిరిగి మోగేవి. ఆర్గాన్ దాదాపు లేదు.

ఒక పాటలో ఇంకా లోతైన దెబ్బ ఉంది. క్యూబా నుంచి వచ్చిన ఈ సంగీతానికి క్లావే అనే లయ వరస ఆధారం. రెండు బార్లలో ఐదు దెబ్బలు, ఒక వైపు మూడు, ఒక వైపు రెండు. పాట మూడు వైపు నుంచి మొదలైందా, రెండు వైపు నుంచా అన్నదాన్ని బట్టి పియానో, బేస్, గొంతు అన్నీ సర్దుకుంటాయి. ఆ పాటలో పియానో ఒక వైపు నుంచి నడుస్తోంది, కొనుక్కొచ్చిన పెర్కషన్ లూప్ రెండో వైపు నుంచి. మన కచేరీలో తాళం వేసే చెయ్యి ఒకచోట, పాట ఎత్తుగడ ఇంకోచోట పడితే ముందు వరసలో కూర్చున్న రసికుడు తలెత్తి చూస్తాడే, అలాంటి తప్పు ఇది. డాన్స్ చేసేవాళ్లు దీనికి పేరు పెట్టలేరు. కానీ అడుగు కుదరక వెళ్లి కూర్చుంటారు.

ఇంతవరకు వచ్చాక "మెషిన్ బీట్ పెట్టారు, చెడిపోయింది" అని రాసేసుకోవడం సులువు. ఆ నిర్ధారణకి వచ్చేముందు నమూనాగా తీసుకున్న 'సూపర్‌నాచురల్'నే మళ్లీ విన్నాను. 'స్మూత్' నా అనుమానాన్ని బలపరిచింది. అది ఎ మైనర్ శ్రుతిలో, చా-చా-చా అనే క్యూబన్ డాన్స్ నడక. రావుల్ రెకో, కార్ల్ పెరాజో పెర్కషన్, రోడ్నీ హోమ్స్ డ్రమ్స్, బెన్నీ రీట్‌వెల్డ్ బేస్, మీద ట్రంపెట్లు, ట్రాంబోన్లు. గొంతు వేరేవాళ్లది, కింద నడిచేది సాంటానా బ్యాండే. గిటార్ పాట మొదలవగానే వచ్చి చివరిదాకా గొంతుతో మాట్లాడుతూనే ఉంటుంది. కానీ 'మరియా మరియా' నా అనుమానానికి అడ్డం తిరిగింది. దాని బీట్ హిప్‌హాప్ పద్ధతిలో చేసినది. అయినా పది వారాలు నిలిచింది. మరి అందులో ఏముంది? స్పానిష్ పద్ధతిలో మీటిన ఆ గిటార్ వరస. గొంతు తీసేసినా ఆ వరస వినగానే ఎవరి పాటో పోల్చుకోవచ్చు.

అప్పుడు నా ప్రశ్న మార్చుకున్నాను. మెషినా, మనుషులా అని అడగడం మాని, ప్రతి పాటలోనూ గెస్ట్ గొంతు మ్యూట్ చేసి విన్నాను. మిగిలినదాంట్లో ఈ బ్యాండ్‌ని గుర్తుపట్టగలనా? రెండు పాటల్లో గుర్తుపట్టగలిగాను. మిగతావి ఎవరివైనా కావచ్చు.

కాలం కూడా చూడాలి. 1999 లాటిన్ పాప్ అమెరికా రేడియోని ఊపేసిన ఏడాది, గాయకుడు రికీ మార్టిన్ ఎక్కడ చూసినా ఉన్నాడు. సీడీల అమ్మకాలు శిఖరం మీదున్న రోజులు. తర్వాత సాంటానాకే ఆ పద్ధతి అంత పని చేయలేదు. 2002లో 'షామన్' నంబర్ 1గా దిగింది, మిషెల్ బ్రాంచ్ పాడిన 'ది గేమ్ ఆఫ్ లవ్'కి గ్రామీ వచ్చింది. కానీ అమ్మకాలు ముందు ఆల్బమ్ దరిదాపుల్లో లేవు. ఆ పాటనే టీనా టర్నర్ గొంతుతో కూడా రికార్డ్ చేశారు, అది 2007లో బయటికొచ్చింది. రెండూ వినదగ్గవే. అయితే పాటలో గొంతు స్థానం ఎవరినైనా కూర్చోబెట్టగల కుర్చీగా మారిందని నాకు అక్కడ అర్థమైంది. 2005లో 'ఆల్ దట్ ఐ యామ్' నంబర్ 2 దగ్గర దిగినా జనం నోట నిలిచిన పెద్ద పాట దాన్నుంచి రాలేదు. 2010లో అందరికీ తెలిసిన పాత రాక్ పాటలను గెస్టులతో పాడించిన 'గిటార్ హెవెన్' వచ్చింది. దారి వేసినవాళ్లకే అది ఇరుకైపోతుంటే, వెనక వచ్చినవాళ్లకి ఇంకెంత దొరుకుతుంది?

చేసి చూసినవి

రీమిక్స్ ఆలోచన పూర్తిగా కొట్టిపారేయలేదు. ఖర్చు తక్కువ, లేబుల్ కూడా ఒప్పుకునేలా ఉంది, పైగా బ్యాండ్‌లో సగంమంది ఆశ దాని మీదే ఉంది. గుర్తుపట్టగలిగిన రెండు పాటలు తీసుకుని లూప్‌లు తీసేసి, పెద్దాయన చేత కాంగాలు, ఆర్గాన్ ఆయన చేత ఆర్గాన్ వాయించి రికార్డ్ చేశాం. కుదరలేదు. గొంతు క్లిక్‌కి అతుక్కుని పాడినది కాబట్టి కాంగాలు ఒక వెంట్రుకవాసి ముందుకో వెనక్కో వాలినా తప్పులా వినబడింది. కంప్యూటర్‌లోని సమాన గళ్లకి (గ్రిడ్‌కి) సర్దితే పెద్దాయన మళ్లీ లూప్‌లానే వినబడ్డారు. నాలుగు కార్డ్‌ల చక్రంలో ఊపిరి తీసుకునే చోటు లేక ఆర్గాన్ గోడకి వేసిన రంగులా మిగిలింది. అక్కడితో ఆపేయమన్నాను. గది అంతా కలిసి కట్టుకోని పాటలోకి తర్వాత మనుషుల్ని దింపడం ఎందుకు కష్టమో వాళ్లు తమ చెవులతో విన్నారు. ఇక రీమిక్స్ మాట ఎవరూ ఎత్తలేదు.

మేనేజర్ తర్వాతి ఆలోచన పాత హిట్లను కొత్తగా రికార్డ్ చేయడం. దీనికి వ్యాపారపరంగా గట్టి కారణమే ఉంది. డెబ్బైల నాటి మాస్టర్లు, అంటే అసలు రికార్డింగులు, లేబుల్ చేతిలో ఉన్నాయి, సినిమాకో ప్రకటనకో వాడితే మాస్టర్ డబ్బు వాళ్లకే వెళుతుంది. కొత్త రికార్డింగ్ బ్యాండ్ సొంతం. ఒప్పందంలో మళ్లీ రికార్డ్ చేయకూడదన్న గడువు ఎప్పుడో తీరిపోయింది. రెండు పాటలు చేశాం, వాటికి ఆ తర్వాత కొంత పని దొరికింది. అంతకుమించి వద్దన్నాను. అసలు రికార్డింగ్‌తో అచ్చు పోలాలంటే ప్రతివాళ్లూ ఇరవై ఏళ్ల వయసులో తాము వాయించినదాన్ని కాపీ కొట్టాలి. ఆ రెండు పాటలకే స్టూడియోలో ఉత్సాహం చచ్చిపోయింది.

గిటారిస్ట్‌కి ఇంకో కోరిక ఉంది. లాస్ లోబోస్ 1987లో 'లా బాంబా'తో నంబర్ 1 అయ్యాక, మరుసటి ఏడాది అదే దారిలో వెళ్లకుండా 'లా పిస్తోలా ఇ ఎల్ కొరజోన్' అనే జానపద ఆల్బమ్ చేశారు. దానికి గ్రామీ వచ్చింది. మనమూ అలా తీగ వాయిద్యాలతో చేద్దామన్నాడు. నాకు ఆ ఆల్బమ్ ప్రాణం. అయినా ఒప్పుకోలేకపోయాను. లాస్ లోబోస్ కెరీర్ మొదలైందే ఆ జానపద వాయిద్యాలతో, 1978లో వాళ్లు సొంతంగా వేసుకున్న మొదటి ఆల్బమ్ అలాంటిదే. వాళ్లు ఇంటికి తిరిగెళ్లారు. ఈ బ్యాండ్ ఇల్లు డాన్స్ హాల్. ఒక రిహార్సల్ చేసి చూశాక గిటారిస్టే ఆ మాట ఒప్పుకున్నాడు.

ముందు స్టేజీ, తర్వాతే స్టూడియో

పని చేసిన మొదటి నిర్ణయం రికార్డింగ్‌కి సంబంధించింది కాదు. క్లిక్, ప్లేబ్యాక్, స్క్రీన్ వీడియో మూడూ తీసేయమన్నాను. మేనేజర్‌కి టెన్షన్ పట్టుకుంది, ప్రమోటర్లు స్క్రీన్ అడుగుతారని. లైట్లు చేతితో నడిపే మనిషిని పెట్టుకుందాం అన్నాను. గెస్ట్ పాటల్లో ఒకటి మాత్రం ఉంచి, దాన్ని బ్యాండ్ గాయకుడే పాడేలా మార్చాం.

మొదటి కొన్ని షోలు బాగా జరగలేదు. డ్రమ్మర్‌కి చెవిలో ఆధారం పోయింది, వేగం ఇష్టం వచ్చినట్టు పోయింది. దానికి మందు క్లిక్ మళ్లీ పెట్టడం కాదని, డ్రమ్మర్‌నీ కాంగాల ఆయన్నీ దగ్గర చేయడమని నా నమ్మకం. స్టేజీ మీద పెద్దాయన అంచున ఎక్కడో ఉండేవారు, చూడటానికి బాగుంటుందని. ఆయన్ని డ్రమ్స్ పక్కకి, చేయి చాస్తే అందేంత దగ్గరికి జరిపాం. వాళ్లిద్దరూ ఒకరి దెబ్బ ఒకరు మానిటర్ స్పీకర్‌లో కాకుండా గాలిలో వినడం మొదలుపెట్టాక నడక కుదిరింది.

తర్వాత ఒక చిన్న క్లబ్‌లో వారానికి ఒక రాత్రి వాయించే ఏర్పాటు చేసుకున్నారు. డబ్బు నామమాత్రం. కొత్త పాటలు కట్టుకోవడానికి నలుగురి ముందు పరీక్షించే చోటు కావాలని నేనే పట్టుబట్టాను. కొత్త పాటకి పేరు చెప్పకుండా పాత పాట తోకకి తగిలించి వాయించేవాళ్లు. జనం ఆ చోట డాన్స్ ఆపితే ఆ పాట ఇంకా కాలేదని లెక్క. ఆపకపోతే ఉంచుకున్నాం. ఈ పరీక్షలో గిటారిస్ట్ బాగా ఇష్టపడ్డ రెండు పాటలు పోయాయి. ఆర్గాన్ ఆయన ఊరికే వాయించిన ఒక వరస నిలబడింది. ఆయన బ్యాండ్‌లో ఉండిపోవడానికి ఆ వరస కూడా ఒక కారణమని నేను అనుకుంటాను.

గాయకుడి గొంతు సంగతి ఎవరూ నోరెత్తి అనడం లేదు. పై స్థాయి తగ్గింది. శ్రుతి దించడం సులువుగా చెప్పే సలహా, కానీ ఈ బ్యాండ్‌లో గిటార్ వరసలు చాలావరకు ఇ మైనర్‌లో, వేలితో నొక్కకుండా వదిలేసిన తీగ మోగుతుండగా పుట్టినవి. డి మైనర్‌కి మారిస్తే ఆ తీగ మోగదు, వరస చచ్చిపోతుంది. ఒక గిటార్‌కి మందపాటి తీగలు వేసి మొత్తం ఒక స్వరం కిందకి శ్రుతి చేశాం. వేళ్లు పాత చోటే ఉన్నాయి, గొంతుకి సుఖం దొరికింది, గిటార్ శబ్దం కాస్త బరువెక్కింది. ఆ బరువు అందరికీ నచ్చింది. మొహమాటంతో దాచిన ఇబ్బందిని బయట పెట్టగానే అరగంట పనితో తీరిపోయింది.

వీటన్నిటి తర్వాతే స్టూడియో. డ్రమ్స్, కాంగాలు, టింబాలేలు, బేస్, గిటార్ ఒకే గదిలో పెట్టాం. ఆర్గాన్ తాలూకు లెస్లీ స్పీకర్‌ని మాత్రం పక్క గదిలో తలుపు ఓరగా తీసి ఉంచాం. హెడ్‌ఫోన్లు వద్దన్నాం, గొంతుకి నేల మీద చిన్న మానిటర్ ఒక్కటి. ఇలా చేస్తే ప్రతి మైకులోకీ మిగతావాళ్ల శబ్దం జొరబడుతుంది, ఒకరి తప్పు విడిగా దిద్దడం కుదరదు. తెలిసే ఒప్పుకున్నాను. దిద్దే వీలు లేదని తెలిస్తేనే టేక్ బాగుందా లేదా అని గదిలోనే, అందరూ ఉండగానే తేల్చుకోవాల్సి వస్తుంది. ఈ బ్యాండ్ పోగొట్టుకున్నది సరిగ్గా అదే. ఒక పాట నిమిషానికి 118 దెబ్బల వేగంతో మొదలై 124 దగ్గర ముగిసింది. సర్దమంటారా అని అసిస్టెంట్ అడిగాడు. అలాగే వదిలేశాం.

గెస్టులు పూర్తిగా వద్దని నేను అనలేదు. ఒక యువ గాయని వచ్చింది. షరతు ఒకటే: మైకు ముందు నిలబడే ముందు క్లబ్‌లో బ్యాండ్‌తో పాడాలి. ఆమె కొన్ని వారాలు వచ్చింది. రెండో చరణం ఎక్కడ ఎత్తుకోవాలో కాంగాల ఆయన కనుసైగతో చెప్పడం నేర్చుకుంది. రికార్డింగ్‌లో ఆ చరణం ఆయన చెప్పిన చోటే పడింది. ఆ పాటలో గొంతు మ్యూట్ చేసి విన్నాను. బ్యాండ్ ఉంది.

ఫలితం

ఆ ఆల్బమ్ హిట్ కాలేదు. ఆల్బమ్‌ల చార్ట్ బిల్‌బోర్డ్ 200లో కనబడలేదు, రేడియోకి చేరలేదు. స్ట్రీమింగ్‌లో ఇప్పటికీ జనం ఎక్కువగా వినేది డెబ్బైల పాటలే. మారింది వేరే. మాస్టర్లు బ్యాండ్‌వి. ఎల్పీలు కొద్ది సంఖ్యలో వేయించి షోల దగ్గర అమ్మారు, స్టూడియో ఖర్చు అక్కడే తిరిగొచ్చింది. కొత్త పాటలు వచ్చినప్పుడు జనం డాన్స్ ఫ్లోర్ వదలడం లేదు. ప్రమోటర్లు పాత రేటుకి వచ్చారు. పాత పాటలో కాంగాలు, టింబాలేలు పోటీపడే ఘట్టం మళ్లీ సాగుతోంది, ఒక్కో రాత్రి ఒక్కో పొడవు.

చార్ట్ నంబర్‌ని నేను కొలతగా ఎందుకు తీసుకోనో సాంటానా కథలోనే కనబడుతుంది. 2010 నాటి 'గిటార్ హెవెన్', 2016లో గ్రెగ్ రోలీ, నీల్ షోన్, మైకేల్ ష్రీవ్, మైకేల్ కారబెల్లో లాంటి పాతవాళ్లు మళ్లీ కలిసి చేసిన 'సాంటానా ఫోర్' రెండూ బిల్‌బోర్డ్ 200లో 5వ స్థానం దాకానే వెళ్లాయి. ఆ నంబర్ చూసి ఏది బ్యాండ్ ఆల్బమో ఎవరూ చెప్పలేరు. వింటే ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

ఇలాంటి కేసు చేతికొస్తే

హైదరాబాద్‌లోనూ, ఇక్కడ బే ఏరియాలోనూ తెలుగు కుర్రాళ్లు బ్యాండ్లు నడుపుతున్నారు. పేరున్న గాయకుణ్ని ఒక సింగిల్‌లో పెడితే దారి తెరుచుకుంటుందన్న ఆశ వాళ్లలోనూ చూస్తున్నాను. ఆశపడండి. కానీ ఫైలు పంపే ముందు ఆ గొంతు లేకుండా మీ పాట మీరే వినండి.

ఒప్పందంలో నేను ఇప్పుడు తప్పనిసరిగా రాయించేవి కొన్ని ఉన్నాయి. ప్రతి పాటలోనూ పెర్కషన్ బ్యాండ్ సభ్యులే వాయించాలి, లేదా వాళ్లు ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. చివరి మిక్స్‌ని బ్యాండ్ ఆమోదించాలి, గిటారిస్ట్ ఒక్కడు కాదు. గెస్ట్ ఫీజు అడ్వాన్స్ ఖాతాలో పడుతుందా, లేబుల్ ఖర్చా అన్నది స్పష్టంగా ఉండాలి. విడివిడి ట్రాకుల ఫైళ్ల కాపీ బ్యాండ్‌కి దక్కాలి. గెస్ట్ లేకుండా ఆ పాటని స్టేజీ మీద ఎవరు, ఏ శ్రుతిలో పాడతారో రికార్డింగ్‌కి ముందే తేలాలి. అది తేలకపోతే ప్లేబ్యాక్ వస్తుంది, ప్లేబ్యాక్ వెంట క్లిక్ వస్తుంది.

ఈ మధ్య ఒక పెద్ద పేరున్న గాయకుడి తరఫున ఈ బ్యాండ్‌కి ఫోన్ వచ్చింది. కలిసి ఒక పాట చేద్దామన్నారు, ట్రాక్ ఇప్పటికే తయారుగా ఉందన్నారు. బ్యాండ్ ఒప్పుకుంది. ట్రాక్ పక్కన పెట్టి, రాసుకున్న వరస మాత్రం పట్టుకుని గురువారం క్లబ్‌కి రమ్మని జవాబు పంపారు. తేదీ గురించి ఇంకా మాట్లాడుకుంటున్నారు.